ఒంటి చేత్తో తెరిచే జేబు చాకు కోసం ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా

ఈ బ్లాగులో ఇంతవరకు కొండల గురించీ కోటల గురించీ రాశాను. ఈసారి మా ఇంటి నుంచి గట్టిగా పది కిలోమీటర్లు కూడా దాటని ప్రయాణం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం లడఖ్ ఘాట్ రోడ్ల మీద కూడా ఇంత గుండెదడ రాలేదు. మేముండేది అల్మాస్‌గూడలో. వెళ్ళింది నేనూ, మా మామయ్యా, అంటే మావారి నాన్న. పనల్లా ఆయన రోజూ జేబులో పెట్టుకోవడానికి ఒక మల్టీటూల్ కొనడం. చాకు, స్క్రూడ్రైవర్, సీసా మూత తీసేది, ఇలా నాలుగైదు పనిముట్లు ఒకే పిడిలో మడిచి ఉండే వస్తువు. ఇలాంటిదే కొనాలని మీలో చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఏ రకం ఎలా ఉందో కూడా దారిలో చెబుతాను.

మామయ్యది నల్గొండ పక్క పల్లె. వయసులో ఉండగానే కొత్తపేట పండ్ల మార్కెట్‌కి వచ్చి, ఒక కమీషన్ దుకాణంలో కుదురుకున్నారు. బత్తాయి లోడు దిగగానే కొనేవాళ్ళ ముందు కాయ కోసి చూపించడం ఆయన పని. ఎడమ అరచేతిలో కాయ, కుడిచేతిలో చాకు. టోపీ తీసినట్టు పైముక్క తీసి, లోపలి తొనల్ని ఎండకు ఎత్తి చూపించేవారట. ఆ చాకు చొక్కా జేబులో లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. గోనె సంచుల సుతిలి తాడు కోసిందీ, స్కూటర్ స్క్రూలు బిగించిందీ, మా పెళ్ళిలో వీడియో వాళ్ళ వైరు ఒలిచి కరెంటు ఇప్పించిందీ అదే. తెనాలి నుంచి నేను కొత్త కోడలిగా వచ్చిన రోజు, నా పట్టుచీర మీద చుక్క రసం పడకుండా తొనలు ఒలిచి పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. ఆ రోజు ఆ ఇంట్లో నాతో మాట కలిపిన మొదటి మనిషి ఆయనే. ఇప్పటికీ తలచుకుంటే మనసు మెత్తబడుతుంది.

మార్కెట్‌ని ఊరవతలికి తరలించాక ఆయన పని మానేశారు. కిందటేడు పక్షవాతం వచ్చింది. మాటా నడకా తిరిగొచ్చాయి గానీ కుడిచేతికి పట్టు రాలేదు. పోయిన నెల ఆ పాత చాకును పళ్ళతో పట్టి తెరవబోయి పెదవి కోసుకున్నారు. అంతే, అత్తయ్య దాన్ని ఎక్కడో దాచేశారు. అప్పటినుంచి ఆయన ఖాళీ జేబు తడుముకుంటూ కూర్చోవడం నేను చూడలేకపోయాను. ఒంటి చేత్తో తెరిచేవి వచ్చాయని నెట్‌లో వీడియోలు చూసి నేను చెబితే, అత్తయ్య ఆయనకి ఒక షరతు పెట్టారు.

“నా కండ్ల ముంగట నువ్వొక్కనివే తెరువాలె, నువ్వొక్కనివే ముయ్యాలె. నెత్తురు చుక్క కనవడొద్దు. గట్లయితేనే జేబుల పెట్టుకో. లేకుంటే మల్ల ఈ ఇంట్ల చాకు మాట తియ్యొద్దు” అన్నారు.

మామయ్య ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, పదింటికల్లా గేటు దగ్గర నిలబడ్డారు. షేర్ ఆటోలో సాగర్ రింగ్ రోడ్డు దాకా, అక్కడి నుంచి మరో ఆటోలో ఎల్బీనగర్ చౌరస్తాకి. ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలు. ప్రయాణాల్లో నా బ్యాగులో ఎప్పుడూ ఉండే మల్టీటూల్‌ని కావాలనే ఇంట్లో వదిలేశాను. బ్లేడు ఉన్న వస్తువుతో మెట్రో ఎక్కబోయి ఒకసారి స్కానర్ దగ్గర ఆగిపోయిన అనుభవం ఉంది. అందుకే ఎల్బీనగర్‌లో చూడటమే, కొనేది దిల్‌సుఖ్‌నగర్‌లో అని ముందే అనుకున్నాం.

చౌరస్తా దాటాక, సందులో ఉన్న హార్డ్‌వేర్ దుకాణం గుంటూరు వైపు ఆయనది. నా యాస వినగానే కుర్చీ వేయించాడు. “పెద్దాయనకా అమ్మా? భేషైన సరుకుందండీ” అంటూ మొదట మడిచే ప్లయర్ రకం తీశాడు. ఆరువందల యాభై. పనిముట్లు చాలానే ఉన్నాయి, వైరు కత్తిరించడానికీ మేకు పీకడానికీ దీన్ని మించింది లేదు. కానీ రెండు పిడుల్నీ రెండు చేతులతో విడదీయాలి. పైగా బరువు. మామయ్య జేబులో వేసుకోగానే చొక్కా ఒకవైపు జారిపోయింది. రెండోది ఎర్ర పిడి విదేశీ రకం. రెండు వేలు దాటింది. సన్నగా, ముద్దొచ్చేలా ఉంది. చిన్న కత్తెర, పట్టుకారు కూడా ఉన్నాయి. రెండు చేతులూ బాగున్నవాళ్ళకి నేను చెప్పేది ఇదే. అయితే దీని బ్లేడు సన్నటి గాడిలో గోరు పెట్టి లాగితేనే లేస్తుంది. మామయ్య ఎడమచేతి బొటనవేలితో ప్రయత్నించారు. గోరు జారింది. మళ్ళీ జారింది. ఆయనకే తెలియకుండా దాన్ని నోటి దగ్గరికి తీసుకెళ్తుంటే నేను గట్టిగా అరిచేశాను. దుకాణంలో అందరూ మావైపు చూశారు.

ఆయన దాన్ని మెల్లగా గాజు బల్ల మీద పెట్టేశారు. దుకాణదారు పాపం మాట మార్చడానికి, పర్సులో పట్టే కార్డు రకం చూపించాడు. నూట యాభై. రేకు మీదే రంపం, స్పానర్, మూత తీసేది అన్నీ చెక్కేసి ఉంటాయి.

“గిదేంది, బస్ పాసా?” అన్నారు మామయ్య. నవ్వొచ్చి ఊపిరి పీల్చుకున్నాను. దాన్ని మీరెవరూ కొనకండి. అంచులు గీసుకోవడం తప్ప ఆ రంపంతో కొబ్బరి ఈనె కూడా తెగదు.

ఎల్బీనగర్ స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇబ్బంది లేదు. దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషనే, పది నిమిషాలలోపు దిగిపోతాం. మామయ్య కిటికీ పక్కన కూర్చుని కిందకి చూస్తూ ఉన్నారు. కొత్తపేట వచ్చేసరికి పాత మార్కెట్ ఉన్నవైపు వేలెత్తి చూపించారు. అక్కడ ఇప్పుడు పెద్ద దవాఖాన కడుతున్నారు.

“ఎండకాలం లారీలు ఈడిదాంక నిలవడుతుండె. మామిడి వాసనకు బస్సుల నిద్రపోయేటోళ్ళు సుత లేస్తుండె” అన్నారు. ఆ వాసన నాకూ గుర్తే. పెళ్ళైన కొత్తలో రూట్ తెలియక, ఆ వాసన రాగానే దిగాల్సిన స్టాప్ దగ్గరపడిందని లేచి నిలబడేదాన్ని. ఇప్పుడు ఏసీ పెట్టెలో ఏ వాసనా లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పిల్లల్ని తప్పించుకుంటూ, బస్టాండ్ దగ్గరి సందులోకి వెళ్ళాం. వాచీలు, టార్చ్‌లైట్లు, తాళంచెవి గొలుసులు అమ్మే బడ్డీ ఒకటుంది. దాని యజమాని నడివయసు మనిషి. అడిగిందే తడవుగా, బ్లేడుకు గుండ్రటి కన్నం ఉన్న రకాన్ని తీసి నాకు అందించాడు. పొద్దుటి నుంచీ ఇదే వరస. చాకు ఆయనకైతే చూపించేది నాకు. నాకు ఒళ్ళు మండింది.

“ఆయన చేతికివ్వండి. కొనేది ఆయన” అన్నాను.

“తప్పయింది మేడం. తీస్కో పెద్దయ్యా. కన్నంల బొటనేలు వెట్టి నూకు, గంతే” అన్నాడు.

మామయ్య నూకారు. టక్‌మని బ్లేడు తెరుచుకుంది. ఒంటి చేత్తో! ఎడమచేత్తో! ఆయన ముఖం చూసి నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ధర తొమ్మిది వందలు. పర్సు తీశాను కూడా. అప్పుడు మూయబోయారు. పిడి లోపల ఒక రేకు బ్లేడును బిగించి పట్టుకుంటుంది. దాన్ని పక్కకి నొక్కితేనే మడత పడుతుంది. ఆ రేకు కుడిచేతి బొటనవేలికి అందేలా ఉంది, ఎడమచేతికి అడ్డంగా వస్తోంది. పైగా మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలోనే ఉంటుంది. మామయ్య నుదుట చెమట పట్టింది. బ్లేడు అంచు చూపుడువేలికి ఆనుకుంది.

“ఇటివ్వండి మామయ్యా, నేను మూసిస్తాను” అని చెయ్యి చాచాను.

ఆయన ఇవ్వలేదు. “మూసేది నువ్వయితే, తెరిచేది గూడ నువ్వే అయితది బిడ్డా” అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. బడ్డీ యజమాని దాన్ని అందుకుని మూసేశాడు. ఎడమచేతివాళ్ళు ఇలాంటిది కొనేటప్పుడు తెరవడం చూసి మురిసిపోకండి, మూసి చూడండి.

ఇక ఇంటికి పోదామా అన్నట్టు మామయ్య నావైపు చూశారు. నేను గమనించనట్టు అక్కడే నిలబడి, ఇంకా ఏమున్నాయో అన్నీ తీయమన్నాను. చివరికి అడుగు అర నుంచి ఒకటి వచ్చింది. నల్ల పిడి, అరచేతిలో సగం. దానికి రెండు వైపులా చిన్న గుబ్బలున్నాయి. వాటిని బొటనవేలూ చూపుడువేలూ కలిపి వెనక్కి లాగితే బ్లేడు వదులై, మణికట్టు ఆడించగానే దానంతటదే పిడిలోకి పడుతుంది. తెరవడమూ అలాగే. వేలు దాని దారిలోకే రాదు, ఏ చేతికైనా ఒకటే. కత్తెర లేదు, ప్లయర్ లేదు. బ్లేడు, స్క్రూడ్రైవర్, మూత తీసేది, అంతే. పద్నాలుగు వందలు చెప్పాడు, పదకొండు వందల యాభైకి ఇచ్చాడు. మామయ్య మొదటిసారి దాన్ని కింద పడేశారు. తర్వాత తెరిచారు, మూశారు. ఇంకా నమ్మకం లేక మళ్ళీ తెరిచారు, మూశారు. వెనక గిరాకీలు నిలబడ్డా బడ్డీ యజమాని తొందరపెట్టలేదు. “పర్వాలేదు పెద్దయ్యా, మంచిగ చూస్కో” అన్నాడు.

చాకు జేబులోకి వచ్చింది కాబట్టి ఇక మెట్రో లేదు. తిరుగు ప్రయాణం రోడ్డు మీదే. కొత్తపేట దాకా షేర్ ఆటో, మనిషికి ఇరవై. రైతు బజార్ దగ్గర దిగి, సందులోని మెస్సులో భోంచేశాం. పప్పు, పచ్చిపులుసు, ఒక వేపుడు, ఇద్దరికీ రెండువందల నలభై. బయటికి రాగానే బత్తాయి బండి కనిపించింది. మామయ్య కాళ్ళకి ఎక్కడలేని హుషారు వచ్చింది. బండి దగ్గరున్న ఆమె “నల్గొండ కాయ బాపూ” అంటే, “అది నాకు జెప్తవా?” అని నవ్వి, ఒక కాయ ఏరుకున్నారు. దాన్ని బండి మీద పెట్టి, జేబులోంచి చాకు తీసి ఠీవిగా తెరిచారు.

అక్కడ ఆగిపోయారు. చాకు ఎడమచేతిలో ఉంది. మరి కాయ?

తెరవడం గురించీ మూయడం గురించీ నెల రోజులుగా మాట్లాడుకున్నాం. కాయను పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలన్న సంగతి షరతు పెట్టిన అత్తయ్యకి గానీ, వీడియోలన్నీ చూసిన నాకు గానీ, బతుకంతా కాయలు కోసిన ఆయనకి గానీ తట్టలేదు. కుడి మణికట్టుతో కాయను పొట్టకి అదిమి పట్టి ప్రయత్నించారు. అది జారి రోడ్డు మీద దొర్లింది. నేను పట్టుకుంటానని నోటి దాకా వచ్చింది. బడ్డీ దగ్గర ఆయనన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆయన చాకు మూసి జేబులో వేసుకుని, రెండు కిలోలు తూయించి డబ్బులిచ్చారు. నాకు ఏడుపొచ్చింది. ఆటోలో ఫోన్ చూస్తున్నట్టు తల దించుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. అత్తయ్య వరండాలో కుర్చీ లాక్కుని పరీక్షాధికారిలా కూర్చున్నారు. మామయ్య తెరిచారు, మూశారు. అత్తయ్య ఆయన వేళ్ళు తిప్పి చూసి, “మల్లొక్కపారి” అన్నారు. మళ్ళీ తెరిచి మూశారు.

“సరే. జేబుల పెట్టుకో” అని ఆవిడ లేవబోయారు.

మామయ్య జేబులో పెట్టుకోలేదు. సంచిలోంచి ఒక బత్తాయి తీసి, ఆవిడ ఒళ్ళో పెట్టి, చాకు మళ్ళీ తెరిచారు. “జర పట్టుకోవే” అన్నారు.

అత్తయ్య ఆయన ముఖంలోకి చూశారు. కొంగుతో చేతులు తుడుచుకుని, కాయను రెండు అరచేతుల మధ్యా గట్టిగా పట్టుకున్నారు. ఆయన ఎడమచేతిలో చాకు కొద్దిగా వణుకుతూ ఆవిడ వేళ్ళ పక్కనుంచే సాగింది. నెత్తురు చుక్క కనపడొద్దన్న మనిషి వేలు కూడా కదపలేదు. పైముక్క వంకరగా తెగింది. రసం ఆవిడ మోచేతుల దాకా కారింది.

“లగ్గమైనకాడికెళ్ళి గిదే మొదటిసారి, నువ్వు నన్నొక పని అడిగింది” అన్నారు అత్తయ్య.

చేతిలో రోజూ ఉండే వస్తువు మనిషితో పాటు ఎంత దూరం నడుస్తుందో నాకు ఇంత దగ్గరగా ఎప్పుడూ తెలియలేదు. ఆ మార్కెట్టూ, ఆ లారీలూ, ఎండకెత్తి చూపించిన ఆ తొనలూ ఇక రావు. వాటికోసం బెంగ నాకే ఇంతుంటే ఆయనకెంత ఉండాలి! ఆ బెంగ తీర్చే పనిముట్టు ఏ దుకాణంలోనూ దొరకదని తెలుసు. అయినా ఆ సాయంత్రం మా వరండాలో వంకర ముక్కలు తిన్నాం, నేనైతే రెండు కాయలు తిన్నాను. ఇలాంటి పని మీద బయల్దేరేవాళ్ళకి ఒక్క సలహా. వాడే మనిషిని వెంట తీసుకెళ్ళండి, దాంతో ఆయన కోయాలనుకుంటున్న వస్తువును కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి. దుకాణంలోనే కోసి చూడమనండి. రెండో చెయ్యి కావాల్సి వస్తే మాత్రం మీరు ముందుకి దూకకండి. ఎవరి చెయ్యి కావాలో ఆయన అడుగుతారు.