నా తమ్ముడి గుండె గురించి నేను దాచిన మాట

నిన్న పొద్దున, తమ్ముణ్ణి చేర్చిన ధర్మవరం ఆస్పత్రి నుంచి మా ఇంటికి హిందూపురం వచ్చాను. బట్టలు తీసుకుని సాయంత్రానికి తిరిగి పోదామని.

బ్యాగు సర్దుతుంటే మరదలు ఫోన్. "వదినా, మీ తమ్ముడు ఇంగ లేడు" అంది.

వార్డు మార్చారేమో అనుకున్నాను. ఆమె రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

నాగరాజు నా ఒక్కగానొక్క తమ్ముడు. నలభై నాలుగేళ్లు. ధర్మవరంలో మగ్గాల వాళ్లకు పట్టు నూలు, జరీ అమ్మేవాడు.

నా కూతురి నిశ్చితార్థం చీర వాడే నేయించాడు. రంగు చూపించడానికి చిన్న నూలు పోగు పట్టుకుని బస్సెక్కి హిందూపురం వచ్చాడు. "వాట్సాప్‌లో రంగు సరిగా కనపడదక్కా. పాప చేతి మీద పెట్టి చూడాల" అన్నాడు.

తాగేవాడు. అది అందరికీ తెలుసు.

పోయిన సంవత్సరం నాకు గుండె దడ వస్తే డాక్టర్ ఈసీజీ తీశారు. గుండె లయ తప్పుతోందన్నారు. మా నాయన యాభై దాటకముందే పక్షవాతంతో పోయాడని చెప్పాను.

"ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుందమ్మా. తోడబుట్టినవాళ్లకూ టెస్ట్ చేయించండి. తాగే అలవాటుంటే రిస్క్ ఇంకా ఎక్కువ" అన్నారు.

అప్పుడే కూతురికి సంబంధం మాట్లాడుతున్నాం. ఇంట్లో గుండె జబ్బని తెలిస్తే వాళ్లు వెనక్కి పోతారని భయపడ్డాను. నాగా నోట్లో మాట దాగదు. పెళ్లయ్యాక చెబుదాం అనుకున్నాను.

పెనుకొండలో నిశ్చితార్థం. మగపెళ్లివాళ్లతో కూర్చుని తాగాడు. కాసేపటికి బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు, ఎద మీద చెయ్యి పెట్టుకుని.

"ఏమైందబ్బా?"

"గుండె ఎగిరెగిరి పడతాండాదక్కా. గ్యాస్ అయింటాది" అని నవ్వాడు.

అది గ్యాస్ కాకపోవచ్చని నాకు తెలుసు.

సోడా తెచ్చి ఇచ్చాను.

నాలుగు రోజుల క్రితం అంగట్లో పడిపోయాడు. మాట పోయింది. గుండె లయ తప్పి, అందులో గడ్డకట్టిన రక్తం మెదడుకు పోయిందన్నారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు డాక్టర్.

"ఎవరికీ ల్యాదు సార్" అంది మరదలు.

"నాకుండాది" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

నిన్న కాబోయే వియ్యంకుడికీ చెప్పేశాను. "ముందే చెప్పింటే మేమేమన్నా వద్దనేవాళ్లమా అక్కా" అన్నాడు.

ఇది చదివే మన ఇంటి పిల్లలందరూ ఈ వారమే ఈసీజీ తీయించుకోండి. మందు ముట్టొద్దండి. ఎవరికీ చెప్పకుండా దాచొద్దండి.

నాగా, అక్కను క్షమించు.

పోయిరా అప్పా. ఆడన్నా నిమ్మళంగా ఉండు.