గిట్ మీద నా పిడికిలి గుద్దు

ముందే చెబుతున్నాను, ఇందులో ఒక పిల్ల మూడు వారాల కష్టాన్ని నేను ఒక్క మాటతో తుడిచిపెట్టేస్తాను. చదువుతుంటే నన్ను తిట్టాలనిపిస్తుంది. తిట్టుకోండి, మొహమాటం వద్దు. ఆ దారి మా ఆవిడ ఎప్పుడో చదును చేసి పెట్టింది.

నేను పెడనలో నలభై ఏళ్ళు కలంకారీ అద్దకం చేశాను. నా పేరు మీద మూడువందల డిజైన్లున్నాయి. సరే, ముప్ఫై. ఇంత వయసొచ్చాక మీ దగ్గర దాపరికం దేనికి లెండి, ఒక్కటే ఉంది. దాని కథే ఇది. అంతకు ముందు ఎవరో గీస్తే, ఎవరో చెక్కితే, ఆ చెక్క అచ్చుని రంగులో అద్ది గుడ్డ మీద వేసేవాణ్ణి, అంతే. నా సొంత గీత ఒక్కటైనా గుడ్డ మీదికి ఎక్కాలని మాత్రం నలభై ఏళ్ళూ కడుపులో పెట్టుకుని తిరిగాను.

ఇది జరిగి రెండేళ్ళు. అప్పుడు నేను కుర్రాణ్ణి, అరవై ఏడు దాటలేదు. మా అక్క కూతురు శ్రీలత బందరులో, చిలకలపూడి వైపు ఉంటుంది. పాత అచ్చుల బొమ్మల్ని కంప్యూటర్లో గీసి భద్రం చేసే పని తనది. ఆ బొమ్మలు తన ఇంట్లోనూ మా ఇంట్లోనూ ఒకేలా ఉండాలని గిట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఏ గీత ఎవరు ఎప్పుడు మార్చారో అంతా గుర్తుపెట్టుకుంటుంది అది, ఏ పెళ్ళిలో తనని ఎవరు సరిగ్గా పలకరించలేదో గుర్తుపెట్టుకునే మా పెద్దత్తలాగా. మన దగ్గరున్న బొమ్మని ఇంటర్నెట్లో ఉన్న ఉమ్మడి చోటికి పంపితే పుష్. అక్కడున్నది తెచ్చుకుంటే పుల్. నల్లటి తెర మీద అన్నీ టైపు కొట్టాల్సిందే. నోటుబుక్కులో ఆరు కమాండ్లు రాసిచ్చి, "మావయ్యా, ఈ ఆరూ చాలు. ఏడోది ముట్టుకోకు," అంది.

ముట్టుకోకుండా ఉంటే ఈ వ్యాసం ఎందుకుంటుంది? వీడియోలు చూసి ఆప్షన్లు నేర్చుకున్నాను. కమాండు చివర రెండు అడ్డగీతలు పెట్టి ఒక మాట తగిలిస్తే దాని ధోరణే మారిపోతుంది. వట్టి కమాండు ఇడ్లీ అనుకోండి, ఆప్షను కారప్పొడి. టీకొట్టు దగ్గర గేదె బేరానికొచ్చిన పెద్దమనిషిని కూర్చోబెట్టి, "ఆప్షన్లు తెలియకపోతే ఇంక గిట్ ఎందుకండీ," అన్నాను. ఆయన పాపం ఒప్పుకున్నాడు.

అప్పుడే శ్రీలత మొదటిసారి తన సొంత డిజైను గీసింది. దుప్పటి చుట్టూ అంచు, అంచు నిండా రెల్లు, రెల్లులో కొంగలు. రెండు అంచులు కలిసే మూలలో రెండు కొంగలు మెడలు పెనవేసుకుని ఉండాలి. మూల కుదిరితేనే అంచు అంచవుతుంది, మా పనిలో కష్టమంతా అక్కడే. పెడనలో అచ్చులు చెక్కే వీరాచారిగారే దీన్ని చెక్కాలని తన పట్టు. ఆయనేమో, "శుక్రవారం నాలుగింటికి కాగితం నా చేతిలో ఉండాలమ్మా. శనివారం నుంచి వేరేవాళ్ళ పని, ఏడాది దాకా తలెత్తను," అన్నారు. అంచు కాగితం మీద ప్రింటు తీసి ఉంచడం నా పని. మూల మూడింటికల్లా పంపుతానంది.

శుక్రవారం పొద్దున్నే బొమ్మ తెరిచాను. మూడు వారాలుగా నేను పుల్ చేయలేదు కాబట్టి, నా దగ్గరున్నది కొంగలు పుట్టకముందు నాటి చిత్తు. ఆ సంగతి నాకు తడితే కదా. అంచు బోసిగా ఉందనిపించింది. ఒక్క ఆకు వేశాను. నా జీవితంలో మొదటి ఆకు. దాని పక్కన గుర్తుగా ఒక ముక్క రాసి, పుష్ కొట్టాను. తెర మీద ఎర్రగా, రిజెక్టెడ్ అని పడింది.

ఇక్కడ మా వృత్తి మర్మం ఒకటి చెప్పాలి. అచ్చుని గుడ్డ మీద ఊరికే ఆనిస్తే రంగు సగమే అంటుతుంది. ఆనించాక పైనుంచి పిడికిలితో గుద్దాలి. నలభై ఏళ్ళు, రోజూ పొద్దస్తమానం గుద్దిన చెయ్యి ఇది. పుష్ పడలేదంటే నాకు తోచేది ఒక్కటే, గుద్దు చాల్లేదని. రెండు అడ్డగీతలు పెట్టి ఫోర్స్ అని కొట్టాను. ఎంత చక్కగా పడిందో చెప్పలేను.

నీ దగ్గర లేని కొత్త పని అక్కడుంది, ముందు అది తెచ్చుకో అని ఆ ఎర్రక్షరాల కిందే రాసి ఉందట. ఫోర్స్ అంటే, అక్కడున్నది చెరిపేసి నాదే పెట్టమనడమట. ఏ అచ్చూ నాతో నలభై ఏళ్ళలో మాట్లాడలేదు. ఇది మాట్లాడుతుందని నాకేం తెలుసు?

ప్రింటు తీస్తుండగా ఫోనొచ్చింది.

"మావయ్యా, ఒక ముక్కు సరిచేసి పుష్ కొడితే రిజెక్టెడ్ అంటోంది. ప్రింటు వచ్చిందా? కొంగలు బాగున్నాయా?"

కాగితం చూశాను. రెల్లు ఉంది. నా ఆకుంది. కొంగలన్నీ లేచిపోయాయి.

"బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా."

"మరి నన్నెందుకు తోసేస్తోంది?"

నిజం గొంతుదాకా వచ్చింది. ఆప్షన్ల పండితుడు అడ్డంగా నిలబడ్డాడు.

"నీ వైపేదో చిక్కు పడింది. ముందు ఫెచ్ కొట్టు. తరవాత రీసెట్, రెండు అడ్డగీతలు, హార్డ్. ఉమ్మడి చోట ఏముందో నీ దగ్గరా అదే వచ్చేస్తుంది."

"అది ఏడో కమాండు కదా?"

"ఎనిమిదోది. ఆప్షన్లు నీకు తెలుసా, నాకు తెలుసా?"

టకటకమని చప్పుడైంది. ఆ కాస్త వ్యవధిలో నేను ఇంకో పదేళ్ళు ముసలివాణ్ణయ్యాను.

"మావయ్యా, కొంగల్లేవు."

"సరిగ్గా చూడు."

"మూల కూడా పోయింది. తెల్లారినప్పటి నుంచి గీస్తున్నాను. కమిట్ కూడా చెయ్యలేదు." కమిట్ అంటే, ఇది గుర్తుపెట్టుకో అని గిట్‌కి చెప్పడం. చెప్పనిదాన్ని అది గుర్తుపెట్టుకోదు. "ఇక్కడేదో ఉంది. చేపా ఇది?"

"ఆకు."

"ఎవరు వేశారు?"

"దానంతటదే వచ్చుంటుంది."

"ఫెచ్ చేసిన చోట ఫోర్స్‌డ్ అప్‌డేట్ అని పడింది. ఎవరు చేశారు మావయ్యా?"

"నెట్ బాగోలేనప్పుడు ఒక్కోసారి అలా..."

"ఆకు పక్కన నీ పేరుంది. టైముంది. అంచుకి ప్రాణం పోశాను అని కూడా రాశావు."

ఫోను పెట్టేసింది. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. మా ఆవిడ వచ్చి, "ఏమైంది, మొహం అలా ఉంది?" అంది. "కొంగలు పోయాయి," అన్నాను. "పోతే పోయాయి, అన్నానికి రండి." ఆ రోజు గోంగూర పచ్చడి. అది కూడా సహించలేదంటే నా పరిస్థితి మీరే అర్థం చేసుకోండి.

మూడున్నరకి వీరాచారిగారి పాకలో కూర్చున్నాను, వరద రోజున దివిసీమలో పడవ కోసం కూర్చున్నవాడిలాగా. శ్రీలత స్కూటర్ మీద వచ్చింది, చేతిలో కాగితం చుట్ట, కళ్ళు ఎర్రగా. మనం పారేసుకున్న పాత కమిట్లని కూడా గిట్ ఒక మూల దాచి ఉంచుతుందట. ఎక్కడో చదివి, కొంగల్ని వెనక్కి పిలుచుకొచ్చింది. చెప్పనిది మాత్రం దొరకలేదు.

వీరాచారిగారు కాగితం విప్పి, "మూలేదమ్మా?" అన్నారు.

తను నావైపు చూసింది.

"నేనే గుద్దానండి," అన్నాను. మొత్తం చెప్పేశాను. నెట్ మీద వేసిన అబద్ధంతో సహా.

"ఎన్ని గుద్దులు?" అన్నారాయన.

"ఒక్కటే."

"నలభై ఏళ్ళ చెయ్యి కదండీ, ఒక్కటి చాలు. అమ్మా, రెండు రోజులు ఆగమంటే నా వల్ల కాదు. అవతల మాటిచ్చేశాను."

శ్రీలత కాగితాన్ని ఆయన వైపు జరిపింది. "మూలలు ఖాళీగా వదిలెయ్యండి," అంది. అంత చిన్న గొంతుతో ఆ పిల్ల మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నా ఆకు?" అన్నాను. అడిగానండి, సిగ్గులేక.

"రెండు అడ్డగీతలు పెట్టి ఫోర్స్‌తోనే తీసేశాను మావయ్యా. నీ దగ్గర నేర్చుకున్నదే."

దుప్పట్లు వచ్చాయి. బందరులో అమ్మకానికి పెట్టిన రోజు ఒకావిడ ఆ ఖాళీ మూల మీద వేలు పెట్టి, "ఇది భలే ఉందండీ, కొంగలు ఇప్పుడే ఎగిరిపోయినట్టుంది. ఎవరి ఆలోచన?" అంది. "మా మావయ్యదండీ," అంది శ్రీలత, నవ్వకుండా. ఆ పోయిన మూలని తను మళ్ళీ రెండుసార్లు గీసింది. "అది రావట్లేదు మావయ్యా," అని మానేసింది. అదెలా ఉండేదో తనకి తప్ప ఎవరికీ తెలియదు.

కాబట్టి మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో రెండు అడ్డగీతలు పక్కపక్కన పెట్టను. విభూది పెట్టుకున్నా మూడే, రెండు పెట్టను. నోటుబుక్కులో ఆరు కమాండ్ల కింద ఏడోది శ్రీలతే రాసింది: ఫోన్ చెయ్యి. దానికి ఆప్షన్లు లేవు.

నా పేరు మీద ఒక డిజైను ఉందన్నాను కదా, అది అబద్ధం కాదు. ఆ దుప్పటి ఎక్కడైనా కనిపిస్తే నాలుగు మూలలూ చూడండి. అక్కడ ఏమీ లేకపోతే, అది నేను వేసిందే.