కడబంతిలో కూర్చునే మా కంప్యూటర్ సార్

సార్ పోయారన్న కబురు నాకు రేపల్లె బస్సు డ్రైవరు చెప్పాడు. తెనాలి బస్టాండులో టీ తాగుతున్నాను. అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "బాబాయ్, మీ కంప్యూటర్ సార్ పోయారంట. పొద్దున్నే గుండె ఆగిపోయిందంట" అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టేసి అదే బస్సెక్కాను.

నేను చదువుకున్నవాణ్ణి కాను. ఆయన పనిచేసిన కంప్యూటర్ సెంటర్లో జనరేటర్ నడిపినవాణ్ణి. ఇలాంటివి రాయడానికి చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ సంతాప సభలో వాళ్లు మాట్లాడింది విన్నాక నేనే రాయాలనుకున్నాను. మా సెంటర్ యజమాని మైకు పట్టుకుని, మనిషి మంచివాడే గాని మొండివాడు, పట్టువిడుపులు తెలియక పెద్ద ఖాతాని పోగొట్టాడు అన్నాడు. ఫొటోకి వేసిన దండ ఇంకా వాడిపోలేదు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు.

ఆ రోజుల్లో తెనాలిలో కంప్యూటర్ అంటే వింత. మా దగ్గర ఏసీ గదిలో పెద్ద మిషను ఒకటే ఉండేది. దాన్నుంచి వైర్లు లాగి బయట హాల్లో తెరలు పెట్టారు. దుగ్గిరాల పసుపు వ్యాపారుల లెక్కలు, బాపట్ల కాలేజీ మార్కులు, బియ్యం మిల్లుల పద్దులు, నేర్చుకునే పిల్లల పాఠాలు అన్నీ ఆ ఒక్క మిషనే చెయ్యాలి. సార్ రాకముందు ఎవడు గట్టిగా అరిస్తే వాడి పని ముందు. యజమాని వచ్చి అది ఆపు, ఇది ఎక్కించు అనేవాడు. ఫీజు కట్టిన పిల్లలు కదలని తెరల ముందు చేతులు కట్టుకుని కూర్చునేవారు.

సార్ వచ్చి ఒక ప్రోగ్రాం రాశారు. అప్పట్నుంచి మిషను తన బలాన్ని తనే పంచుకునేది. ఎవరి పనీ పూర్తిగా ఆగదు. ఎక్కువసేపు ఆగినవాడి పని దానంతటదే ముందుకు జరుగుతుంది. ఒక మనిషి ఎన్ని పనులు ఎక్కించినా అన్నీ ఆ ఒక్క మనిషి వాటాలోంచే సర్దుకోవాలి. ఆయనది రేపల్లె అవతల, కాలవ ఆఖరి పొలాల ఊరు. ఎగువవాళ్లు వాడుకోగా మిగిలిన నీళ్ల కోసం గట్టు మీద కాపలా పడుకున్నవాళ్ల ఇంట్లో పుట్టారు. ఆ బుర్రకి కాకపోతే ఇంకెవరికి తడుతుంది ఈ ఆలోచన?

కరెంటు పోతే ముందు నా షెడ్డుకి వచ్చేవారు. "ఎంతసేపు లాగుతుంది పెద్దాయనా?" అని అడిగి, నా మాట విన్నాకే లోపలికి వెళ్లేవారు. పెళ్లి భోజనాలకి వెళితే ముందు బంతిలో ఎంత పిలిచినా కూర్చునేవారు కాదు, కడబంతే. గారె కడబంతి దాకా వచ్చిందా లేదా చూస్తే ఆ పెళ్లి ఎలా జరిగిందో తెలిసిపోతుందనేవారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదంటారు కదా సార్, అని నేనన్నాను ఒకసారి.

"మనవాడు కాకపోతే ఏంటి మన గతి? వడ్డించేవాడు ఎవడివాడూ కాకూడదు పెద్దాయనా" అన్నారు.

ఇక ఆ పెద్ద ఖాతా సంగతి. గాలివాన వచ్చి తీరం పల్లెలు తుడిచిపెట్టుకుపోయిన వారం అది. ఇళ్లు పోయినవాళ్లకి పంచే బియ్యానికి పేర్ల చీట్లు అచ్చు వేయించుకోవడానికి రేపల్లె వైపు నుంచి బెస్తపాలెం పెద్ద ఒకాయన పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం బియ్యం లారీ వస్తుంది. చీటీ ఉంటే ముసలమ్మకైనా ఆమె బియ్యం ఆమెకి అందుతుంది. లేకపోతే కండబలం ఉన్నవాడిదే లారీ. తర్వాత మిల్లు షావుకారు వచ్చాడు. తడిసిన ధాన్యానికి ఇన్సూరెన్సు కాగితాలు కావాలి, మిషను మొత్తం తనకే ఇవ్వాలి అన్నాడు. యజమాని సరేనన్నాడు. సార్ మాత్రం మీ వంతు మీకు వస్తుందండి అన్నారు.

షావుకారు గుమాస్తా చేసిన ఘనకార్యం ఇక్కడే. రేపల్లె బస్సు కిటికీల్లోంచి సీటుకో తువ్వాలు పడేసే అలవాటు మనది. అతను అదే తెలివితో ఖాళీగా కనిపించిన ప్రతి తెర దగ్గరా కూర్చుని ఒకటే పనిని షావుకారు పేరు మీద పదిసార్లు ఎక్కించాడు. ప్రోగ్రాం తెరల్ని లెక్కపెట్టదు, మనిషిని లెక్కపెడుతుంది. పది తువ్వాళ్లూ ఒక్క సీటు మీదే పడ్డాయి. షావుకారు వాటా పది ముక్కలై ఏదీ కదల్లేదు.

యజమాని ఊగిపోయాడు. "షావుకారు గారెవరో మీ ప్రోగ్రాంకి తెలియదా?"

"తెలియకూడదనే రాశానండి" అన్నారు సార్. గొంతు పెంచలేదు. ఆ పదిట్లో తొమ్మిదింటిని ఆపేస్తే ఆయన పనీ సాయంత్రంలోగా అయిపోతుందని కూడా చెప్పారు. షావుకారుకి అది ఇంకా మండింది. "అందర్నీ వదిలి నా పనులే ఆపమంటాడేంటయ్యా?" అని కుర్చీలోంచి లేచాడు. ఒక్కటి కూడా ఆపనివ్వలేదు.

మధ్యాహ్నానికి చీట్లు అచ్చయ్యాయి. బెస్త పెద్ద వాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని బస్సుకి పరిగెత్తాడు. షావుకారు కాగితాలు మర్నాడు వచ్చాయి. ఆలస్యమైందని ఇన్సూరెన్సువాళ్లు వాటిని తిప్పి పంపలేదు. అయినా షావుకారు తన ఖాతా తీసేశాడు. యజమాని సార్‌ని తీసేశాడు. ఆ ప్రోగ్రాంనీ తీసేయించాడు. మళ్లీ అరిచినవాడిదే మిషను అయ్యింది. బాపట్ల కాలేజీవాళ్లు మార్కులు వేరేచోటికి పట్టుకుపోయారు, వాళ్ల వెనకే పసుపు వ్యాపారులు. ఖాతాలు పోగొట్టింది ఎవరో ఇప్పుడు మైకులో చెప్పమనండి.

తర్వాత సార్ రేపల్లెలో ఇంటి వరండాలో పిల్లలకి లెక్కలు చెప్పుకుని బతికారు. మీకు కోపం రాదా సార్ అని అడిగాను. చీట్లు వెళ్లాయి కదా పెద్దాయనా అన్నారు. ఆయనకి రాకపోతే పోనీ, నాకు వస్తుంది.

పెద్దకర్మ భోజనాలు ఆ ఇంటి ముందే, పందిట్లో రెండు బంతులు వేశారు. యజమాని, షావుకారు ముందు బంతిలో కూర్చున్నారు. నేను కడబంతిలో కూర్చున్నాను, పక్కన ఆ బెస్త పెద్ద. గారెల గంపతో వంటాయన ముందు బంతి వైపు నడిచాడు. సార్ భార్య గుమ్మంలోంచి పిలిచి, అటు చివర్నుంచి మొదలుపెట్టమంది. పెద్దవాళ్లు ఇక్కడున్నారమ్మా అని అతను గొణిగాడు.

"ఇన్నాళ్లూ ఆయన ఎక్కడ కూర్చునేవారో నీకు తెలియదా?" అంది ఆమె.

వంటాయన వెనక్కి తిరిగాడు. మా ఇద్దరి పక్కన చివరి ఆకు ముందు ఎవరూ లేరు. మొదటి గారె దాంట్లో వేశాడు. ముందు బంతిలో పెద్దమనుషులు నీళ్లు చల్లిన ఖాళీ ఆకుల మీద చేతులు పెట్టుకుని, మెడలు తిప్పి మా వైపు చూస్తున్నారు.