మంచి చెయ్యితో గీకించండి

మా అక్క తన ఫోను నా ముందు పెట్టి, "తమ్మీ, గిది జర చదువు. పాయింట్లు బంద్ జేసిన్రా ఏంది?" అని అడిగింది. ఆదివారం పొద్దున. ఆమె వేళ్ల మధ్య పిండి ఇంకా ఆరలేదు, ఫోను అద్దానికి కూడా అంటింది.

చదివాను. ఉప్పల్‌లో మేం సరుకులు కొనే పెద్ద దుకాణం వాళ్ల క్రెడిట్ కార్డు గురించిన కబురు అది. "మీ రివార్డులు ఇకమీదట మరింత సరదాగా" అని మొదలైంది. ఇన్నాళ్లూ కొన్నదాన్నిబట్టి పాయింట్లు జమ అయ్యేవి. కౌంటరు దగ్గర చెబితే ఆ మేరకు బిల్లులో తగ్గించేవారు. ఇప్పుడు పాయింట్లు ఉండవు, స్క్రాచ్ కార్డులు ఇస్తారు. గీకితే లోపల ఏముంటే అది. ఏమీ ఉండకపోవచ్చు కూడా, ఆ సంగతి అడుగున చిన్న అక్షరాల్లో రాశారు. ఇదివరకే జమ అయిన పాయింట్లు సైతం స్క్రాచ్ కార్డులుగా మారిపోయాయట. అంటే మాకు రావలసినదాన్ని లాటరీలో పడేశారు. దానికి పెట్టిన పేరు సరదా.

అక్కకు విడమరిచి చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే: "మరి నా గ్రైండరు?"

బావ పోయాక అక్క నాచారంలో మా ఇంటికి వచ్చేసింది. కింది గదిలో గ్రైండరు పెట్టుకుని ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి ప్యాకెట్లు కట్టి అమ్మసాగింది. మా వీధి చివర కిరాణా కొట్టు ఆయన ప్యాకెట్లు వేయించుకుంటానన్నాడు గాని, ఒక షరతు పెట్టాడు. పొద్దున్నే షట్టరు ఎత్తే వేళకు ఆమె ఎదురుగా ఉండకూడదు. బోణీ అయ్యాకే రావాలి. మొగుడు పోయిన మనిషి చేతిమీదుగా మొదటి సరుకు దిగితే ఆ రోజు గిరాకీ ఉండదని ఆయన నమ్మకం. నేను వెళ్లి తగాదా పెట్టుకున్నాను. ముహూర్తాల మీద, వాస్తు మీద, వితంతువులకు అంటగట్టిన అశుభం మీద సభల్లో వాదించి పెరిగినవాణ్ని. ఆయన ముందు నా దగ్గరున్న తర్కమంతా కుమ్మరించాను. ఆయన విని, కొబ్బరిచిప్ప తూచి ఇంకొకరికి ఇచ్చి, "అన్నా, నీ మాట నీది, నా గల్లా నాది" అన్నాడు. ఆయన్ని మార్చింది నా వాదం కాదు, అక్క పిండి. కొనేవాళ్లు షట్టరు తీయకముందే వచ్చి నిలబడుతుంటే ఆయనే ఫోను చేసి, "అక్కా, జల్ది తీస్కరా" అనడం మొదలుపెట్టాడు. బోణీ మాట మళ్లీ ఎత్తలేదు.

కాని అక్క మనసులోంచి ఆ మాట పోలేదు. పెళ్లికి వెళితే వెనక వరసలో కూర్చుంటుంది. ఎవరైనా పసిపిల్లను ఎత్తుకోమని అందిస్తే ముందు ఆ తల్లి మొహం చూసి, ఆ తరవాతే చేతులు చాస్తుంది.

ఆ దుకాణంలో మాత్రం ఆమెకు ఏ జంకూ ఉండేది కాదు. నా ఖాతా మీదే ఆమె పేరుతో ఇంకో కార్డు ఇప్పించాను. మినప్పప్పు, బియ్యం, ఇంటి సరుకులు అన్నీ ఆమె కార్డు మీదే కొనేది. పిండి అమ్మిన డబ్బుతో తన వంతు తనే కట్టేది. యంత్రం మనిషి నుదుటి వంక చూడదు. గాజులున్న చెయ్యి కార్డు పెట్టినా, లేని చెయ్యి పెట్టినా ఒకే లెక్కన పాయింట్లు పడేవి. మేం ఏళ్లుగా వేదికలెక్కి అడుగుతున్న సమానత్వం ఒక దుకాణం కౌంటరు మీద దొరికిందని నేను మురిసిపోయాను.

పాత గ్రైండరు మోటారుకు మల్లాపూర్‌లో ఒక మెకానిక్ దగ్గర వైండింగ్ చేయించీ చేయించీ విసిగాం, చివరికి ఆ మెకానిక్కే దండం పెట్టాడు. కొత్తది పాయింట్లతో తీసుకోవాలని అక్క పట్టుదల. ఆ డబ్బు నేనిస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వు కొనిస్తే నీ గ్రైండరు. పాయింట్లతోని వస్తే నాది" అంది. ఉప్పల్ వెళ్లినప్పుడల్లా గ్రైండర్ల వరసలోకి పోయి, ఒకదాని రాళ్లను తిప్పి చూసి వచ్చేది. ఇంకొక నెల సరుకులు కొంటే సరిపోతాయనగా ఈ సరదా మొదలైంది.

నేను బ్యాంకుకు ఫోను చేశాను. అది దుకాణం వాళ్ల నిర్ణయమన్నారు. పద అని అక్కను తీసుకుని బయలుదేరాను. షేర్ ఆటోలో హబ్సిగూడ దాటేసరికే నా నోట్లో సగం ఉపన్యాసం తయారైంది.

దుకాణంలో కౌంటర్ల దగ్గర జాతరలా ఉంది. బిల్లు కట్టినవాళ్లకు బిల్లింగ్ అమ్మాయి రంగురంగుల చీటీలు ఇస్తోంది. ఒకాయన చీటీని కళ్లకద్దుకుని గీకాడు. ఒకామె మంగళసూత్రానికి ఆనించి గీకింది. ఇంకొకాయన, చూస్తే ఏదో కంపెనీలో ఇంజనీరులా ఉన్నాడు, ఎడమచేతిలోని సంచి కింద పెట్టి, కుడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని మరీ గీకాడు. చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒక్క వరసలో నిలబడి అదృష్టానికి మొక్కుతున్నారు. మేం ఇన్నేళ్లు ఊరూరా తిరిగి పెరికిన కలుపును ఒక కంపెనీ ఒక్క ఆదివారంలో మళ్లీ నాటింది.

ఒక పాత సంగతి చెప్పాలి. నేను నాచారంలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, దసరాకు అందరికీ బోనస్ ఎందుకు, చీటీలు వేసి గెలిచిన ఒక్కరికి స్టీలు బీరువా ఇస్తానన్నాడు యజమాని. కొందరు సంబరపడ్డారు కూడా, బీరువా ఎవరికి చేదు? గేటు దగ్గర నిలబడి మేం ఒకటే మాట అన్నాం: చేసిన పని అదృష్టం వల్ల చేయలేదు, దాని ఫలం కూడా అదృష్టం మీద తీసుకోం. ఆ యజమాని దిగివచ్చాడు. ఆయనకు కనీసం మొహం ఉంది, నిలదీయడానికి. ఈ కార్డుకు మొహం ఏది?

అక్క అలవాటు కొద్దీ మినప్పప్పు, బియ్యం బుట్టలో వేసుకుని వరసలో నిలబడింది. మా వంతు వచ్చింది. బిల్లింగ్ అమ్మాయి అక్క చేతిలోని కార్డు అందుకుని తెర మీద చూసి, చీటీల కట్ట ఒకటి తీసింది. అక్క నుదురు చూసింది, చేతులు చూసింది. చాలా మర్యాదగా, "ఇవి మీ పాత పాయింట్లకు వచ్చినయ్ అమ్మా. మంచి చెయ్యితో గీకించండి" అంది.

ముందున్న ఇంజనీరుతో ఆమె అన్నది "గీకండి." మంగళసూత్రం ఆవిడతో అన్నది "గీకండి." మా అక్కతో మాత్రం "గీకించండి." మన భాషలో ఒక్క అక్షరం చాలు, మనిషిని వరస నుంచి పక్కకు నెట్టడానికి.

అక్కకు అది వెంటనే అర్థమైంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తీసుకుని, మా వెనక నిలబడ్డ ఒక పడుచామె వైపు తిరిగింది. ఆమె చేతినిండా గాజులు, పక్కన మొగుడు. "బిడ్డా, జర నువ్వు గీకవా? నాకు గ్రైండరు రావాలె" అంది బతిమాలుతున్నట్టు.

నాకు ఒళ్లు మండింది. "అక్కా, ఆగు. ఏమమ్మా, ఆమెతో గీకించండి అని ఎందుకన్నవ్? ఆమెకు చేతులు లేవా?"

"నేనేమన్న సార్?" ఆ పిల్ల బెదిరిపోయింది. "పెద్దమ్మకు మంచిది రావాలెననే చెప్పిన."

ఆమె మీద నా కోపం నిలవలేదు. పాపం, ఆమె నిజంగానే మేలు కోరింది. కీడంతా ఆ మేలు కోరడంలోనే ఉంది. మేనేజరును పిలవమన్నాను. మెడలో బిళ్ల వేసుకున్న ఒకాయన వచ్చాడు.

"ఏంది సార్ ప్రాబ్లం?"

"మా పాయింట్లు మాకియ్యి. కొన్నందుకు ఇస్తమని మీరే అన్నరు, మేం కొన్నం. ఇప్పుడు గీకి చూసుకోమంటే ఏంది?"

"అది బ్యాంకోళ్ల పాలసీ సార్."

"బ్యాంకోళ్లు నీ పేరు చెప్పిన్రు."

ఆయన నవ్వాడు. "సార్, పాయింట్లంటే పబ్లిక్ మర్చిపోతరు. గీకుడంటే మజా. జర ఎంజాయ్ చెయ్యుండ్రి."

"మరి నీ జీతం కూడ ఒకటో తారీఖున గీకి తీసుకుంటవా? వస్తే వచ్చింది, లేకుంటే వచ్చే నెల చూద్దామని?"

వరసంతా గొల్లుమంది. బిల్లింగ్ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేనేజరు మొహం ఎర్రబడింది. నేను గొంతు పెంచి, ఇది జూదమని, నమ్మిన మనిషి కష్టార్జితాన్ని జూదంలో పెట్టే హక్కు వీళ్లకు ఎవరిచ్చారని మొదలుపెట్టాను. వెనకనుంచి ఒకాయన, "అన్నా, నీ మీటింగు బోడుప్పల్ల పెట్టుకో, మైకు నేనిప్పిస్త. నా ఐస్‌క్రీం కరుగుతున్నది" అన్నాడు. మళ్లీ నవ్వారు. ఈసారి నన్ను చూసి.

నేను ఇటు వాదిస్తుండగా, అటు ఆ పడుచామె అక్క మాట కాదనలేక చీటీలు గీకేస్తోంది. మొదటిది గీకి చూసింది, రెండోది చూసింది, ఆపైన త్వరత్వరగా గీకింది. అన్నింట్లోనూ "మళ్లీ ప్రయత్నించండి" అనే ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

పక్కనున్న మొగుడు తొంగిచూసి, "నీ చెయ్యి గింతే. మా అమ్మ పెండ్లయిన కొత్తలనే చెప్పింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమె నవ్వలేదు. మిగిలిన చీటీలు అక్కకు ఇచ్చేస్తూ, "మాఫ్ చెయ్యి పెద్దమ్మా, నా చెయ్యి మంచిది కాదు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అక్క ఆమెను చూసింది. ఆ మాట ఎలా ఉంటుందో అక్కడున్న వాళ్లందరిలోకీ అక్కకే బాగా తెలుసు.

"నీ చెయ్యికేమైంది బిడ్డా?" అంది గట్టిగా. "అండ్ల ఏం పెట్టిన్రో గదే వస్తది. పప్పు నానెయ్యకుంట గ్రైండర్ తిప్పితే, ఎవలు తిప్పినా పిండి వస్తదా? చెయ్యి ఏం జేస్తది?"

అన్నాక తన చెయ్యి చూసుకుంది. తన మాట తనకే వినబడినట్టుంది. నేను ఏళ్లుగా చెప్పినప్పుడు వినబడనిది, ఇంకొక ఆడమనిషికి తను చెప్పేసరికి వినబడింది. మిగిలిన చీటీలు కౌంటరు మీద పరిచి, పిండిలో నానిన బొటనవేలి గోరుతో వరసగా గీకింది. ఒకదాంట్లో ఏమీ లేదు. ఇంకోదాంట్లో ఏమీ లేదు. ఆఖరిదాంట్లో మగవాళ్ల చొక్కాల మీద కొంత తగ్గింపు.

దాన్ని ఆ మొగుడి చేతిలో పెట్టింది. "ఇంద బిడ్డా, అంగి కొనుక్కో. మీ అమ్మకు చెప్పు, మొగుడు లేనామె గీకితే వచ్చిందని."



అక్క బిల్లింగ్ అమ్మాయి వైపు తిరిగి కార్డు వెనక్కి అడిగింది. ఆ పిల్ల రెండు చేతులతో ఇచ్చింది. బుట్టలో వేసుకున్న మినప్పప్పు, బియ్యం అక్కడే వదిలేసి, గ్రైండర్ల వరస వంక చూడకుండా బయటికి నడిచింది.

నాకు ఇప్పటికీ తలుచుకుంటే భయం వేసేది ఒకటుంది. ఆ గాజుల చేతికి ఒక చీటీలో గ్రైండరు తగిలి ఉంటే ఏమయ్యేది? వరసంతా చప్పట్లు కొట్టేది. అక్క సంతోషంగా ఇంటికి వచ్చేది. తన చెయ్యి మంచిది కాదని, దుకాణం వాళ్లు రుజువు చేశారని జన్మంతా నమ్మేది. రోజూ పొద్దున ఆ గ్రైండరు తిప్పినప్పుడల్లా నమ్మేది. చీటీలో ఏమీ రాకపోవడం మోసం. వచ్చి ఉంటే అది ఇంకా పెద్ద మోసం. ఇలాంటి యంత్రాన్ని మనుషుల మధ్యకు తెచ్చి దాన్ని సరదా అనేవాళ్లను నేను క్షమించలేను.

ఆటోలో ఆ మాటే చెప్పాను. వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు పెడతానన్నాను. పత్రికకు వ్యాసం కూడా రాస్తానన్నాను.

"రాయి" అంది అక్క. కార్డు ఇంకా చేతిలోనే ఉంది. దాని మీద అచ్చయిన తన పేరును బొటనవేలితో రుద్దుతోంది. "కాని తమ్మీ, గీకుడు అని రాయకు" అంది.

"మరేమని రాయాలె?"

"గుంజుకునుడు అని రాయి."