‘భయపడకుము’ అతికించిన చోటు

మా సంఘానికి జీపు వచ్చినప్పటి నుంచి నాకు దిగుడంటే భయం. యర్రగొండపాలెం దాటాక అడవి అంచున ఒక గూడెం ఉంది. అక్కడ ఆదివారం మధ్యాహ్నాలు మా సంఘ పాస్టరైన నాయన ఆరాధన జరిపేవాడు. తారు రోడ్డు వదిలి మట్టి బాట పట్టి పోతే చివర ఒక గుట్ట దిగాలి. దిగుడు పొడవునా వదులు గులకరాళ్ళు. కింద వాగు. బాట సరిగ్గా ఒడ్డు దగ్గర పక్కకు తిరుగుతుంది. అక్కడ బండి ఆగకపోతే నేరుగా వాగులోకే.

ఒక ఎండాకాలం బండి ఆగలేదు. నాయన బ్రేకు తొక్కగానే పెడలు ఆయన కాలి కింద గడగడ వణికింది. వణుకుతూనే ఉంది, బండి పోతూనే ఉంది. కింద రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వింటూ నేను డ్యాష్‌బోర్డు గట్టిగా పట్టుకున్నాను. ప్రార్థన చేయాలని నోరు తెరిచాను గానీ ఒక్క మాట రాలేదు. పుట్టినప్పటి నుంచి ప్రార్థనలు విన్నదాన్ని, ఒక్కటీ గుర్తుకు రాలేదు. వెనక సీట్లో పెద్దమ్మ మాత్రం “స్తోత్రం, స్తోత్రం” అంటూనే ఉంది. ఆమె మాకు చుట్టమేమీ కాదు, సంఘంలో అందరికీ పెద్దమ్మ. ఒడ్డున ఉన్న తుమ్మకంపలో దూరి బండి ఆగింది. దిగి చూస్తే ముందు చక్రం పక్కన నేల లేదు.

మా మేనమామకు యర్రగొండపాలెంలో మెకానిక్ షాపు ఉంది. అమ్మకు తమ్ముడు కాబట్టి నాయనతో ఆయనకు ఎగతాళి ఎక్కువ. సంగతంతా విని నవ్వాడు.

“నీ ప్రసంగం మాదిరే బావా, ఆపాలన్నా ఆగదు.”

“నవ్వులాట కాదురా. బ్రేకు కాలిని తన్నింది.”

“తంతాది. అది ఏబీఎస్సు. చక్రం బిగుసుకోకుండా బ్రేకును పట్టి వదుల్తా, పట్టి వదుల్తా ఉంటాది. తారు మీద అది ఉండాల. గులకరాళ్ళ మీద మాత్రం చక్రం బిగుసుకుంటేనే రాళ్ళను ముందరికి తోసి కుప్ప చేసుకోని ఆగేది. ఇది బిగుసుకోనీదు.”

“అయితే ఏం చేయమంటావు?”

మామ బానెట్ ఎత్తి, ఆ ఏబీఎస్సుకు కరెంటిచ్చే చిన్న ఫ్యూజు పీకి నాయన చేతిలో పెట్టాడు. “మట్టి బాట ఎక్కేముందర పీకు. తారు ఎక్కేముందర పెట్టు. పీకినంతసేపు డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతా ఉంటాది. నిన్ను భయపెట్టేదానికే వెలిగేది, దాన్ని చూసి తిట్టుకోబాక. తడి తారు మీద ఫ్యూజు లేకుండా బ్రేకు గట్టిగా తొక్కినావంటే బండి నీ మాట వినదు.”

అప్పటి నుంచి మట్టి, తారు కలిసే చోట బండి ఆపడం అలవాటైంది. పోయేటప్పుడు ప్రయాణం కోసం ప్రార్థన, ఫ్యూజు నాయన చొక్కా జేబులోకి. వచ్చేటప్పుడు కృతజ్ఞతా ప్రార్థన, ఫ్యూజు బండిలోకి. గుట్ట మీద బండి ఇప్పుడు గరగరమని రాళ్ళను తవ్వుకుంటూ ఆగేది. అయినా దిగుడు మొదలుకాగానే నేను డ్యాష్‌బోర్డు పట్టుకునేదాన్ని.

ఒక ముసురు రోజున పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి అంటూ ముందు సీట్లో నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. గుట్ట దిగినంతసేపూ ఆమె కళ్ళు ఆ దీపం మీదే ఉన్నాయి.

“అయ్యా, ఏంది అది, పిల్లి కన్ను మాదిరి? చూస్తాంటే గుండె జారిపోతాంది.”

“ఏం కాదు పెద్దమ్మా, అది అట్లనే వెలుగుతాది” అన్నాడు నాయన.

గూడెంలో బండి ఆగగానే ఆమె సంచిలోంచి స్టిక్కరు ఒకటి తీసింది. సువార్త కూటాల్లో పంచిపెట్టినది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో ‘భయపడకుము’ అన్న బైబిలు వాక్యం ఉంది. సరిగ్గా ఆ దీపం మీద పెట్టి బొటనవేలితో రుద్ది రుద్ది అతికించింది. నాయన దాన్ని పైకి చదివి, “ఆమెన్” అన్నాడు. మేమూ అన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు వాన పెరిగింది. తారు దగ్గర నాయన బండి ఆపలేదు. “ఇంటికి పోయినాక చేసుకుందాం ప్రార్థన. ఈ వానలో దిగితే అందరికీ జలుబే” అన్నాడు. గుర్తు చేయాల్సిన దీపం మా కళ్ళ ముందే, స్టిక్కరు కింద వెలుగుతోంది.

మలుపు తిరగగానే రోడ్డు నిండా గొర్రెలు. వాటి నడుమ ప్లాస్టిక్ పట్ట కప్పుకున్న కాపరి. మమ్మల్ని చూసి కూడా పక్కకు దూకలేదు. గొర్రెలను రెండు చేతులతో అదిలిస్తూ అక్కడే నిలబడ్డాడు.

నాయన బ్రేకు తొక్కాడు. పెడలు వణకలేదు. చక్రాలు బిగుసుకుపోయి బండి నీళ్ళ మీద జారినట్టు జారింది. ఆయన స్టీరింగు పూర్తిగా తిప్పేశాడు. అయినా బండి నేరుగా ఆ మనిషి మీదికే పోతోంది. పట్ట కింద అతని ముఖం దగ్గరవుతోంది. గడ్డం మీదుగా వాన నీళ్ళు కారడం కూడా కనిపించింది. వెనక చక్రాలు పక్కకు కొట్టుకొచ్చి, బండి రోడ్డుకు అడ్డం తిరిగి ఆగింది.

కాపరి మా బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

“ఏంది సామీ, నన్ను కూడా మీ దేవుని దగ్గరికి తీసకపోదామనా?” అన్నాడు. తిట్టినా బాగుండేది.

నాయన దిగి కాపరి రెండు చేతులూ పట్టుకున్నాడు. తరవాత చొక్కా జేబు తడుముకున్నాడు. ఫ్యూజు బయటికి తీసి చూశాడు. వచ్చి, తడి వేళ్ళతో స్టిక్కరు అంచు పట్టి మెల్లగా లాగాడు. కింద దీపం వెలుగుతూ ఉంది.

“వాక్యం తీసేస్తావా అయ్యా?” పెద్దమ్మ గొంతు సన్నగా వచ్చింది.

“తీసేయను పెద్దమ్మా. దీన్ని కప్పేదానికి మాత్రం వద్దు.” ఆయన దాన్ని గ్లవుబాక్సు మూత మీద అతికించాడు. సగం చిరిగిపోయి ‘భయప’ అన్నంతవరకే నిలిచింది.

ఫ్యూజు పెట్టి తాళం తిప్పితే ఆ దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది. ఆ జీపు ఇప్పుడు లేదు. ఏ బండి ఎక్కినా, తాళం తిప్పగానే నా కళ్ళు మొదట ఆ పసుపు దీపం మీదికే పోతాయి. అది ఆరిందాకా ఊపిరి తీసుకోను. ఆరినాకే ప్రార్థన.