వాన వెలిసిన మర్నాటి నీళ్లు

నీటి పరీక్షల ఆఫీసులో ఆయన్ని అందరూ సీసాల సారు అంటారు. ఏటి నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షించడంలోనే ఆయన సర్వీసంతా గడిచిపోయింది. ఒక్క అంకె కూడా అబద్ధం రాయలేదని ఆయనకు గర్వం. రాయాల్సిన అవసరం రాలేదు మరి. నీళ్లు పట్టుకు రమ్మని పైవాళ్ల ఫోను ఎప్పుడూ జోరువాన వెలిసిన మర్నాడే వచ్చేది. వాననీటికి ఒడ్డునున్న ఫ్యాక్టరీ ఏట్లోకి వదిలిన రసాయనాలు పలచబడి, అంకెలు బుద్ధిగా హద్దులో ఉండేవి. మొదట్లో ఒకసారి ఆయన నోరు విప్పబోతే, "మీకెందుకండీ తలనొప్పి?" అన్నాడు పై అధికారి. నిజమేననిపించి సీసాలు కడుక్కుంటూ ఉండిపోయాడు.

ఈ ఎండాకాలం సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చి కూలబడ్డాడో లేదో, చెల్లెలు ఫోన్ చేసింది. ఏటి నీళ్లు సరఫరా అయ్యే కాలనీలో కొత్తగా దిగింది.

"అన్నయ్యా, ఈ కుళాయి నీళ్లు పిల్లలకి పట్టొచ్చా? పరీక్షలో బాగున్నాయని బోర్డు పెట్టారు. చేసింది నువ్వేగా?"

 ఆయన, "వాన వెలిసిన మర్నాడైతే తాగొచ్చమ్మా," అన్నాడు.

"ఎండలు మండిపోతుంటే నీ వేళాకోళమొకటి! నువ్వు చూశావుగా, అది చాలు," అని నవ్వుతూ పెట్టేసింది.

మళ్లీ ఫోన్ చేయాలి. కాస్త ఓపిక రానీ అనుకుంటూ ఆయన కళ్లు మూసుకున్నాడు.