దూడ వెనక ఆవు, ఆవు వెనక తాతయ్య

నా చిన్నప్పుడు మా ఊళ్లో తుఫానంటే ఎవరికీ పెద్ద భయం ఉండేది కాదు. అది సముద్రం ఒడ్డున ఉండేవాళ్ల బాధ అనుకునేవాళ్లం. మాది భద్రాచలం అడవి అంచున, గోదావరిలో కలిసే ఒక వాగు పక్కన చిన్న పల్లె. ఎక్కడో సముద్రంలో పుట్టిన గాలి ఇన్ని గుట్టలు, ఇంత అడవి దాటి మా దాకా వచ్చేసరికి దానికి ఊపిరే ఉండదని మా తాతయ్య నమ్మకం. గాలి సంగతిలో ఆయన మాట చాలావరకు నిజమే. కానీ తుఫాను గాలిని దారిలో వదిలేసినా వానను మాత్రం వదలదు, మోసుకొచ్చిన నీళ్లన్నీ ఎవరో ఒకరి నెత్తిన దించి గానీ పోదు. ఈ సంగతి అప్పటికి మాకు తెలియదు.

ఆ ఏడు వరి పొట్ట మీదున్నప్పుడు ముసురు పట్టింది. తుఫాను తీరం దాటిందని రేడియోలో చెప్పగానే మా పెద్దవాళ్లు నిమ్మళపడ్డారు. దాటిందంటే పీడ వదిలిందని వాళ్ల లెక్క. నిజానికి మా కష్టాలు మొదలైంది అప్పుడే. ఆ సాయంత్రం నుంచి ఎడతెరపి లేని వాన. వాన బరువుకు చేలన్నీ నేలకు ఒరిగాయి, వేళ్లు నాని దారికి అడ్డంగా ఇప్పచెట్లు పడ్డాయి. మర్నాడు పొద్దున అందరూ మిట్ట మీది చర్చికి చేరుకోవాలని డప్పు చాటింపు వేశారు. ఊళ్లో స్లాబు వేసిన కట్టడం అదొక్కటే.

నాన్న మణుగూరు బొగ్గుగనిలో డ్యూటీకి పోయి, దారులు మూసుకుపోవడంతో అక్కడే ఆగిపోయాడు. అమ్మ నెలల తమ్ముణ్ణి కొంగులో చుట్టుకుని బయల్దేరింది. తాతయ్య మాత్రం అరుగు దిగలేదు. మా ఆవు ఈని వారం కూడా కాలేదు, బాలింత ఆవును వానలో తడపనన్నాడు. వాగు పొంగడం తనకు కొత్త కాదనీ, వాన తగ్గుముఖం పట్టింది గనుక పూట తిరిగేసరికి నీళ్లు తీస్తాయనీ అన్నాడు. ఆయన రాకపోతే నేనూ రానని గుంజను కౌగిలించుకుని కూర్చున్నాను. మొండితనం మా ఇంట్లో వంశపారంపర్యం. మమ్మల్ని వదిలి పోలేక అమ్మ చంటివాడితో సహా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఒక్క ముసలాయన పట్టుదల వల్ల ఇంటిల్లిపాదీ ఆగిపోయాం. దారిన పోయేవాళ్లు బతిమాలారు, కోప్పడ్డారు, భయపెట్టారు. వాళ్లు భయపెట్టేకొద్దీ ఆయన ఇంకాస్త కుదురుగా కూర్చున్నాడు.

అప్పుడు పక్కింటి వదిన వచ్చింది. ఆమె ఆ ఏడే మా పక్కింటికి కోడలిగా వచ్చింది. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, మేము గుడికి పోయేవాళ్లం, రెండిళ్ల మధ్య కూరల గిన్నెలు మాత్రం రోజూ తిరిగేవి. ఆమె పుట్టిల్లు గోదావరి ఒడ్డు. గోదావరి నిండుగా ఉంటే వాగు నీళ్లను లోపలికి రానివ్వదని, వెనక్కి తంతుందని, వాన ఆగినా ఊరి మీదికి కిందివైపు నుంచి నీళ్లు ఎక్కుతాయని ఒకే ఒక్కసారి చెప్పింది. నిన్న మొన్న కాపురానికొచ్చిన పిల్లవు, మా వాగు సంగతి నాకే చెప్తున్నావా అని తాతయ్య నవ్వాడు.

వదిన తిన్నగా కొట్టంలోకి వెళ్లి దూడను ఎత్తి భుజాల మీద వేసుకుంది, పైన గోనెసంచి కప్పింది. పోతూ పోతూ ఆవు పలుపు ముడి లాగేసింది. ఇక చూడాలి. దూడ అరిచింది, ఆవు అంతకన్నా గట్టిగా అరిచి దాని వెనక పరుగెత్తింది. తాతయ్య అరుగు మీద నుంచి ఒక్క దూకు దూకి ఆవు వెనక పడ్డాడు. ఆయన వెనక నేను, నా వెనక అమ్మ. వాగు దిక్కున దారి మీద అప్పటికే పాదాలు మునిగే నీళ్లున్నాయి. మిట్ట ఎక్కేదాకా ఆయన వదినను తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లలో సగం నేను అంతకుముందు ఎన్నడూ విననివి. ఆమె వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

చర్చి మెట్ల మీద దూడను దించాక, ఎగపోస్తూ అంది: "నిన్ను నేను రమ్మన్లే తాతా. ఆవు దాని బిడ్డ కోసం వచ్చింది. నువ్వు నీ ఆవు కోసం వచ్చినవ్."

అంతలో కింద నుంచి కేకలు వినిపించాయి. అందరం అటు చూశాం. వాన ఆగింది, మబ్బు కూడా పలచబడింది, అయినా నీళ్లు వస్తున్నాయి. ఎవరూ కాపు కాయని కిందివైపు నుంచి, చప్పుడు లేకుండా పైకి ఎక్కుతున్నాయి. మా కళ్లముందే మా కొట్టం గోడ తడిసి కూలింది, ఆ తర్వాత అరుగు కనిపించలేదు. తాతయ్య తలగుడ్డ విప్పి దూడ ఒళ్లు తుడవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత వదినను పేరు పెట్టి పిలవలేదు, ఎప్పుడూ బిడ్డా అనే పిలిచాడు.

నీళ్లు తీసేదాకా అక్కడే ఉన్నాం. ఇంటింటి బియ్యం ఒకే డేగిసాలో ఉడికాయి, తాతయ్య పొయ్యిలోకి కట్టెలు కొట్టాడు.

ఇప్పుడు కాలం మారింది. తుఫాను పుట్టకముందే ఫోన్లు మోగుతున్నాయి, ట్రాక్టర్లు, పడవలు ముందే వస్తున్నాయి. మనుషులు మాత్రం మారలేదు, మారరు కూడా. వార్డు మెంబరుగా చేసిన రోజుల నుంచి వానలప్పుడు నేనూ ఇళ్ల వెంట తిరుగుతుంటాను. మొన్నటి తుఫానుకు ఒక పెద్దావిడ కదలనంటే కదలనంది. కుర్రాళ్లు మైకులో గొంతు చించుకుంటున్నారు. నేను ఆమెను రమ్మనలేదు, ఇంట్లో ఏముందని అడిగాను. మూలన గంప కింద కోడి పొదుగుతున్నదని చెప్పింది. గుడ్లతో సహా ఆ గంపను ఎత్తుకుని ట్రాక్టరు వైపు నడిచాను.

కాసేపటికి వెనక నుంచి తిట్లు మొదలయ్యాయి. నా ప్రాణం కుదుటపడింది. తిట్లు దగ్గరగా వినిపిస్తున్నాయంటే మనిషి వెనకే వస్తున్నట్టు.